కుందేళ్ల కంచె వెంట

కంచే చేను మేస్తే ఇక ఎవరితో చెప్పుకుంటాం అంటారు మన పెద్దవాళ్లు. ఈ సామెత నేనెన్నిసార్లు వాడానో లెక్కలేదు. కానీ నిజమైన కంచె ఒకటీ, చేను మేసే సర్కారు కంచె ఒకటీ పక్కపక్కనే సాగిపోయే పుస్తకం చదవడం మాత్రం నాకిదే మొదలు. ఆస్ట్రేలియా ఆదివాసి రచయిత్రి డోరిస్ పిల్కింగ్టన్ 1996లో ప్రచురించిన 'ఫాలో ది రాబిట్-ప్రూఫ్ ఫెన్స్' ఆ పుస్తకం. చిన్నదే. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని కూర్చుంటే దీపాలవేళకి అయిపోతుంది. అయిపోయాక మాత్రం ఓ పట్టాన లేవబుద్ధి కాదు.

ముందు ఈ కుందేళ్ల గొడవేమిటో చెప్పాలి. 1859లో వేట సరదా కోసం ఒక భూస్వామి ఇంగ్లండు నుంచి రెండు డజన్ల కుందేళ్లను తెప్పించి విక్టోరియాలో వదిలాడు. అవి లక్షలకు లక్షలై పచ్చికంతా మేస్తూ పడమరకి బయల్దేరాయి. వాటిని ఆపడానికి 1901–1907 మధ్య పశ్చిమ ఆస్ట్రేలియాలో ఉత్తరం నుంచి దక్షిణం దాకా 1,800 కిలోమీటర్ల పైచిలుకు కంచె వేశారు. కుందేళ్లు ఆగలేదనుకోండి, అది వేరే సంగతి! ఆ కంచెని చూసుకునే ఇంగ్లీషువాడొకడికీ, మార్డు తెగ స్త్రీకీ జిగలాంగ్‌లో పుట్టిన పిల్ల మోలీ.

ఆ రాష్ట్రంలో 1905లో ఒక చట్టం వచ్చింది. ఆదివాసి పిల్లలకీ, చట్టం భాషలో 'సంకర' పిల్లలకీ పదహారేళ్లు నిండేదాకా సంరక్షకుడు కన్నతల్లి కాదట, 'ఆదివాసుల ముఖ్య సంరక్షకుడు' అనే అధికారి. పేరు ఎంత చల్లగా ఉందో చూశారా! 1915 నుంచి 1940 దాకా ఆ శాఖ ఏ.ఓ. నెవిల్ చేతిలో ఉంది. తెల్లరక్తం కలిసిన పిల్లల్ని తల్లుల నుంచి వేరుచేసి పెంచి, తెల్లవాళ్లతో కలుపుకుంటూ పోతే కొన్ని తరాలకి ఆ జాతి గుర్తే మిగలదని ఆయనగారి నమ్మకం. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు!

1931లో పద్నాలుగేళ్ల మోలీని, ఆమెకన్నా చిన్నవాళ్లయిన చెల్లెలు డైసీని, పినతల్లి కూతురు గ్రేసీని పోలీసు వచ్చి తీసుకుపోయాడు. పెర్త్‌కి ఉత్తరాన మూర్ రివర్ అనే చోట పెట్టారు. అక్కడ సొంతభాష మాట్లాడకూడదు. మోలీ మర్నాడే చెల్లెళ్లని వెంటేసుకుని బయటపడింది. కుందేళ్ల కంచె దొరికితే చాలు, అది ఇంటికే పోతుందని ఆ పిల్లకి తెలుసు. సుమారు తొమ్మిది వారాలు, 1,600 కిలోమీటర్లు నడిచారు. తల్లిని కలుసుకోవాలని దారి మళ్లిన గ్రేసీ దొరికిపోయింది. మిగిలిన ఇద్దరూ ఇల్లు చేరారు.

పుస్తకంలో లోపాలు లేవనను. మొదటి అధ్యాయాలు తెల్లవాళ్ల తొలి ఓడల దగ్గర్నుంచి ఎత్తుకోవడంతో చరిత్ర పాఠంలా సాగతీతగా ఉంటాయి. మోలీ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తాం. నడక మొదలయ్యాక మాత్రం రచయిత్రి ఒక్క మాట వృథా చెయ్యదు. కుందేలు బొరియల్ని తవ్వి అందులో ముడుచుకు పడుకోవడం, కుందేళ్లనే పట్టి కాల్చుకు తినడం, ఇదంతా అమ్మ చెబుతుంటే విన్నట్టుంటుంది. మధ్యమధ్య అధికారుల ఉత్తరాలు ఉన్నవున్నట్టు పెట్టింది. ఆ పిల్లని పట్టుకోవడం శాఖకి చాలా ఖరీదైందని నెవిల్ వాపోయే ఉత్తరం చదివితే, అంతకు మించిన వ్యాఖ్యానం ఎందుకనిపిస్తుంది.

2002లో ఫిలిప్ నోయ్స్ దీన్ని సినిమాగా తీశాడు. మంచి సినిమా. కాకపోతే తల్లి ఒడి చేరగానే మన మనసు తేలికపడుతుంది. ఆ తర్వాత తెరమీద వచ్చే నాలుగు మాటలు రుమాలుతో కళ్లొత్తుకునేలోగా దాటిపోతాయి. పుస్తకం అంత సులువుగా వదలదు. పెళ్లయి ఇద్దరు బిడ్డల తల్లయ్యాక, 1940లో మోలీని మళ్లీ మూర్ రివర్‌కే చేర్చారు. 1941లో చంకలో పసిపిల్లతో ఆమె మళ్లీ కాలినడకన ఇంటికి వెళ్లిపోయింది. నాలుగేళ్ల పెద్దపిల్ల అక్కడే ఉండిపోయింది. మూడేళ్లకి ఆ పసిపిల్లనీ తీసుకుపోయారు.

ఉండిపోయిన ఆ పెద్దపిల్లే డోరిస్! ఈ సంగతి ఆమె కొద్ది వాక్యాల్లో చెప్పి ఊరుకుంటుంది. మొదట ఇది నాకు లోపంగానే తోచింది. అమ్మే తనని ఇచ్చేసిందనుకుంటూ పెరిగి, ఇరవయ్యొక్కేళ్లకిగాని తల్లి మొహం చూడని మనిషి, ఆ బాధ చెప్పకుండా దాటేస్తే ఎలా? తన కథ తర్వాత 'అండర్ ది వింటామార్రా ట్రీ'లో రాసుకుంది. అయినా ఈ పుస్తకం ముగిసే చోట ఆ వెలితి తెలుస్తూనే ఉంటుంది.

రెండోసారి చదివినప్పుడు నా తప్పు నాకు తెలిసింది. "ఒక బిడ్డని వదిలేసి ఎలా వెళ్లిందమ్మా?" అని మనం ఠక్కున తల్లినే అడుగుతాం. ఇంట్లో ఏ పొరపాటు జరిగినా మన నోటికి ముందు అందేది తల్లే కదా! ఆ ప్రశ్న డోరిస్ అడగలేదు. అడగాల్సింది, ఇద్దరిలో ఎవర్ని ఎత్తుకోవాలో తేల్చుకొమ్మని తల్లిని నిలబెట్టిన చట్టాన్ని. కూతురై ఉండి తల్లిని బోనెక్కించకపోవడం వల్లనే సర్కారు బోనులో ఒంటరిగా నిలబడింది.

ఇది ఒక్క ఇంటి కథ కాదు. 1910–1970 మధ్య ఆస్ట్రేలియాలో ప్రతి పదిమంది ఆదివాసి పిల్లల్లో ఒకరి నుంచి, ప్రతి ముగ్గురిలో ఒకరి దాకా ఇలా తీసుకుపోయారని 1997 నాటి విచారణ నివేదిక అంచనా. 2008 ఫిబ్రవరి 13న ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు. ఆదివాసుల మాట వినిపించే మండలికి రాజ్యాంగంలో చోటివ్వాలన్న ప్రతిపాదనని మాత్రం 2023లో అక్కడి ఓటర్లు తోసిపుచ్చారు.

మోలీ 2004లో, డోరిస్ 2014లో పోయారు. మెల్‌బోర్న్‌లోనో సిడ్నీలోనో ఉన్న కూతురి పురిటికి వెళ్లే తల్లులు మనలో ఎంతోమంది ఉన్నారు. సంచిలో ఈ చిన్న పుస్తకానికి చోటుంచుకోండి. అక్కడ మనవణ్ణి ఒళ్లో వేసుకున్నప్పుడు, ఆ నేలమీద తమ బిడ్డల్ని ఒళ్లో ఉంచుకోనివ్వని తల్లులు కూడా ఒకసారి గుర్తుకు రావాలి.