టాక్ ఏంటన్నా?

సినిమా పిచ్చి పట్టిన నా వాళ్లారా, మీకు జయం! ఆఖరి టైటిలు పైకి జరిగిపోయాక, హాలు ఊడ్చేవాళ్లు చీపుర్లు పట్టుకుని లోపలికొచ్చాక కూడా సీటు వదలకుండా, వయొలిన్ ఎవరు వాయించారో, కోరస్ ఎవరు పాడారో ఆ చిన్న చిన్న అక్షరాల్లో వెతుక్కునే వాళ్లారా, మీకు జయం! "బాగుంది" అన్నవాణ్ని "ఏం బాగుంది?" అనీ, "బాలేదు" అన్నవాణ్ని "ఏం బాలేదు?" అనీ నిలదీసే వాళ్లారా, మీ గొంతులు చల్లగా ఉండాలి! హీరోల మీద కావలసినన్ని పొగడ్తలున్నాయి. దర్శకులకు దండలున్నాయి. మీ మీద నాలుగు మంచి మాటలు చెప్పుకోవాలని నాకు ఎన్నాళ్లుగానో ఉంది.

గురువారం పొద్దుగూకే వేళ డాలస్‌లో, న్యూజెర్సీలో ప్రీమియర్ పడుతుంది. అక్కడ ఇంటర్వెల్ వచ్చేసరికి ఇక్కడ శుక్రవారం తెలతెలవారుతుంటుంది. అనంతపురంలో పాలపాకెట్లు దిగకముందే, ఖమ్మం బస్టాండులో టీకొట్టు పొయ్యి అంటుకోకముందే ఫోన్లు మోగుతాయి. "టాక్ ఏంటన్నా?" ఆ రెండు మాటల్లో ఎంత ఆత్రం, ఎంత దిగులు, ఎంత ఆశ! ఎవరో తీసిన సినిమా, ఎవరో పెట్టిన డబ్బు, ఎవరికో వచ్చే పేరు. గుండె దడ మాత్రం ఆ ఫోను చేసినవాడిది. ఇంకాసేపటికి హైదరాబాదులో ప్రసాద్స్ ముందు మైకులు బారులు తీరతాయి. ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో సంధ్య, సుదర్శన్, దేవి థియేటర్ల దగ్గర డప్పులు మోగుతాయి. ఆ సందడీ నాకిష్టమే. కానీ నా దండం ఆ సందడికి కాదు, అది సద్దుమణిగాక రాత్రి పూట మొదలయ్యే మాటలకు.

అప్పుడు ఒక సమీక్షకుడు కెమెరా ముందు కూర్చుంటాడు. వెనక పుస్తకాల బీరువా, పక్కన గ్లాసులో చల్లారిపోయిన టీ. పొద్దున ఒకసారి చూశాడు, మ్యాట్నీకి మళ్లీ వెళ్లి చూశాడు. చెప్పవలసింది చెప్పేశాడు. ఇక అడిగేవాళ్ల వంతు. ఎక్కడెక్కడి నుంచో ఫోనులో గొంతులు వస్తాయి.

"అన్నా, సెకండాఫ్ ల్యాగ్ అన్నవ్ గదా. మరి ఆ చెరువుకట్ట సీన్ తీసేస్తే, క్లైమాక్స్‌ల ఆమె ఏడిస్తే మనకెందుకు ఏడుపొస్తదే?" దుబాయిలో లేబర్ క్యాంపు గదిలో, పై మంచం మీద పడుకుని అడుగుతున్నాడు జగిత్యాల కుర్రాడు. పన్నెండు గంటలు ఎండలో పనిచేసి వచ్చిన గొంతు అది. ఎడిటింగ్ గురించి ఇంత సూటి ప్రశ్న నేను పెద్ద పెద్ద సభల్లోనూ వినలేదు. సమీక్షకుడు తడబడడు, దబాయించడు. "ఆ సీను ఉండాలి తమ్ముడూ. దాని తర్వాత పాట లేకపోతే చాలు" అంటాడు. ఇద్దరూ ఆ పాట ముందు ఏముంది, తర్వాత ఏముంది అని షాటు తర్వాత షాటు పేర్చుకుంటూ పోతారు. వింటున్న వందల మందికి ఆ సినిమా కళ్లముందు మళ్లీ ఆడుతుంది.

తర్వాత అమలాపురం నుంచి ఒక పెద్దాయన. "ఏవండీ, పాటలు బాలేవని ఒక్కముక్కలో తేల్చేశారేంటండీ? రెండో చరణానికి ముందు నాదస్వరం వచ్చింది. విన్నారా అసలు?"

"నాదస్వరమా? షెహనాయి అనుకున్నానండీ."

"మళ్లీ వినండి. నేను ఆగుతాను."

మళ్లీ పెడతాడు. అందరం వింటాం. షెహనాయి గొంతు సన్నన, జాలిగా జారుతుంది. నాదస్వరం అలా కాదు. గుడి ప్రాకారం దాటి, మాడవీధులు దాటి, ఊరి చివరి ఇంటికి వినపడాల్సిన వాద్యం. గాలి నిండుగా పోసుకుని నిలబడుతుంది, గమకం దగ్గర ఒళ్లంతా ఊగుతుంది. ఆ పది సెకన్ల బిట్టులో ఆ ఊపు ఉంది. వెనక తవిల్ కూడా ఉంది, డ్రమ్స్ కింద నలిగిపోయి, చెవి ఒగ్గితే తప్ప దొరకకుండా. "మీదే కరెక్టండీ" అంటాడు సమీక్షకుడు. పెద్దాయన గెలిచానని పొంగిపోడు. "ఎవరు వాయించారో కాస్త కనుక్కుని చెప్పండి" అంటాడు, అంతే.

నాయనా, నీకు శతకోటి వందనాలు! ఆ పేరు కోసం అడిగావు చూడు, తెలుగు సినిమా అక్కడ బతికింది.

ఈ మాటలు నిన్న పుట్టినవి కావు. ఇవాళ ఫోనులో జరుగుతున్నది ఒకప్పుడు పదిహేను పైసల కార్డు మీద జరిగింది. 'విజయచిత్ర'కు, 'సితార'కు, 'జ్యోతిచిత్ర'కు ప్రశ్నలు రాసి, జవాబు కోసం పోస్టుమాన్ వైపు కాదు, పత్రికల కొట్టు వైపు చూసిన తరం ఉంది. చదివినవాళ్లు ఘటికులైతే రాసినవాళ్లు ఇంకా ఘటికులు. ఆంధ్రపత్రికలో సమీక్షలు రాసిన ముళ్లపూడి వెంకటరమణ తర్వాత తానే మాటల రచయితై, 1967లో 'సాక్షి', 1975లో 'ముత్యాలముగ్గు' ఇచ్చారు. కొడవటిగంటి కుటుంబరావు కథలు రాసిన చేత్తోనే సినిమా మీద వ్యాసాలు రాశారు, మెచ్చుకోలైనా మందలింపైనా కారణం చెప్పకుండా వదల్లేదు. ఆకాశవాణి వార్తల్లో విన్న గొంతు గుడిపూడి శ్రీహరిది, ఆయన సమీక్షలు దశాబ్దాల పాటు సాగాయి. వీళ్లెవరూ చూసేవాడి కన్నా ఎత్తులో కూర్చోలేదు. అందుకే చూసేవాడు వీళ్లతో పోట్లాడాడు. పోట్లాట లేని చోట సమీక్ష ఎందుకు?

ఎంత పాత సినిమా అయితే పోట్లాట అంత తియ్యగా ఉంటుంది. 1957 మార్చి 27న విడుదలైన 'మాయాబజార్' గురించి మాట రాని వారం లేదు. "సార్, పాండవులు ఒక్క షాటులోనైనా కనిపిస్తారా?" అని ఇంజనీరింగ్ చదివే పిల్ల అడుగుతుంది. కనిపించరు. అంత పెద్ద కథ వాళ్ల చుట్టూ తిరిగినా వాళ్లు తెర మీదికి రారు. తెలిసినవాళ్లకు కూడా ఆ మాట మళ్లీ విన్నప్పుడల్లా ఆశ్చర్యమే. వెంటనే ఇంకొకరు పడవ పాట ఎత్తుతారు. మోహన రాగం, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే సృష్టించిన వెన్నెల. "సంగీతం ఘంటసాల అని టైటిల్సులో ఉంది కదా?" ఉంది. కానీ ఆ సినిమాకు మొదట పనిచేసింది సాలూరి రాజేశ్వరరావు. ఆయన కొన్ని వరసలు కట్టి తప్పుకున్నారు, మిగిలింది ఘంటసాల పూర్తి చేశారు. పడవ పాట వరస సాలూరివారిదే. తెర మీద పడని ఆ పేరును ఇన్నేళ్లు ఎవరు మోశారు? సాలూరి పాట అంటే చెవి కోసుకునేవాళ్లు. ఒకరి నోటి నుంచి ఇంకొకరి చెవికి, ఏ జీతమూ లేకుండా మోశారు.

అంతెందుకు, మన మొదటి టాకీ పుట్టినరోజే వాదించి గెలుచుకున్నది. హెచ్.ఎం. రెడ్డి తీసిన 'భక్త ప్రహ్లాద' 1931 సెప్టెంబర్ 15న వచ్చిందని ఏళ్ల తరబడి అందరం రాసుకున్నాం, ఆ రోజే పండగ చేసుకున్నాం. పాత్రికేయుడు రెంటాల జయదేవ ఆ లెక్క దగ్గర ఆగి, పాత పత్రికలు, సెన్సారు రికార్డులు తిరగేశారు. సెన్సారు సర్టిఫికెట్టు 1932 జనవరి 22 నాటిది. బొంబాయి కృష్ణా సినిమాలో విడుదలైంది 1932 ఫిబ్రవరి 6న. ఇప్పుడు తెలుగు సినిమా పుట్టినరోజు ఫిబ్రవరి 6. 'ఎలా తెలుసు?' అన్న ఒక్క ప్రశ్న ఎంత పని చేసిందో చూడండి. రాత్రి పూట సమీక్షకుణ్ని అభిమాని అడిగేదీ ఆ ప్రశ్నే.

టాక్‌కు ఉన్న బలం చూడాలంటే 1980 ఫిబ్రవరికి వెళ్లాలి. 'శంకరాభరణం' విడుదలైన మొదటి రోజుల్లో హాళ్లలో జనం పలచగా ఉన్నారు. పెద్ద హీరో లేడు. కథానాయకుడు జె.వి. సోమయాజులు అప్పటికి డిప్యూటీ కలెక్టరు ఉద్యోగంలో ఉన్న రంగస్థల నటుడు. చూసిన కొద్దిమందీ ఇంటికి వెళ్లి ఊరుకోలేదు. అరుగుల మీద చెప్పారు, ఆఫీసుల్లో చెప్పారు, రైళ్లలో పక్క సీటువాడికి చెప్పారు. వారం తిరిగేసరికి టికెట్టు దొరకలేదు. కె. విశ్వనాథ్ తీశారు, ఏడిద నాగేశ్వరరావు డబ్బు పెట్టారు. నిలబెట్టింది మాత్రం పేరు లేని ఆ చూపరుల నోరు.

ఇక సంగీతం మాటకొస్తే రాత్రి ఎంతైనా చాలదు. కె.వి. మహదేవన్ ముందు సాహిత్యం తీసుకుని తర్వాతే వరస కట్టేవారనీ, పక్కన సహాయకుడు పుహళేంది లేని మహదేవన్‌ను ఊహించలేమనీ ఒకరు అందుకుంటారు. 'సిరివెన్నెల'లో ఆ వేణువు హరిప్రసాద్ చౌరాసియాదని గుర్తుచేస్తూ, అదే సినిమా పాటల రచయిత సీతారామశాస్త్రికి ఇంటిపేరు అయిందని ఇంకొకరు కలుపుతారు. ఆస్పత్రిలో డ్యూటీ దిగి, పార్కింగులో కారు ఇంకా స్టార్ట్ చేయని ఒక నర్సు, "1989 గురించి మాట్లాడండి అన్నా" అంటుంది. ఆ ఒక్క ఏడాది చాలు! ఒకే హీరో నాగార్జున, ఒకే సంగీత దర్శకుడు ఇళయరాజా, రెండు సినిమాలు. 'గీతాంజలి'లో మంచు వినిపిస్తుంది, 'శివ'లో ఇనుము వినిపిస్తుంది. సైకిల్ చైను తెగే ఆ క్షణం ఎంతమంది మనసులో ఇప్పటికీ మోగుతోందో! మణిరత్నం నేరుగా తెలుగులో తీసింది 'గీతాంజలి' ఒక్కటే. రామ్‌గోపాల్ వర్మకు 'శివ' మొదటిది. ఇద్దరికీ ఇళయరాజాయే నేపథ్య సంగీతం చేశాడు, ప్రతి వాద్యానికీ స్వరం కాగితం మీద రాసిచ్చి. రెండు లోకాలూ ఒక్క కలం నుంచి ఎలా వచ్చాయని ఆమె అడిగితే, జవాబు ఎవరూ చెప్పరు. అందరూ ఎవరికి నచ్చిన బిట్టు వాళ్లు హమ్ చేస్తారు.

2023 మార్చిలో 'నాటు నాటు'కు ఆస్కార్ వచ్చిన రాత్రి నాకు బాగా గుర్తు. అంతా బహుమతి గురించి మాట్లాడుతుంటే, ఒకాయన మాత్రం ఆ పాటకు వరస కట్టిన కీరవాణి, సంగీత దర్శకుడు చక్రవర్తి దగ్గర పనిచేసిన రోజుల గురించి ఎత్తాడు. ఇదే మనిషి తమిళంలో మరగతమణి, హిందీలో ఎం.ఎం. క్రీమ్ అని ఇంకొకరు అందించారు. పాట రాసిన చంద్రబోస్ మాట వచ్చింది, పాత పాటలు వచ్చాయి. ఆస్కార్ కిందికి జరిగి, ఆ పాటకు ముందున్న ముప్ఫై ఏళ్ల చాకిరీ పైకొచ్చింది. ఈ చెవులకు పాట వెనక మనుషుల్ని వెతికే అలవాటు నేర్పిన పెద్దమనిషి ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం. 1996 నుంచి ఈటీవీ 'పాడుతా తీయగా' వేదిక మీద పిల్లలు పాడాక, రాసినదెవరు, వరస ఎవరిది, వాయించినదెవరు అని విప్పి విప్పి చెప్పారు. ఆ మాటలు విని పెరిగినవాళ్లే ఇప్పుడు పేర్లు అడుగుతున్నారు.

హీరోల పేరు మీద తిట్టుకునేవాళ్లకు ఈ స్తుతిలో చోటు లేదు. అయిదుకు ఎంత ఇచ్చారన్న లెక్కా నాకక్కర్లేదు. రెండున్నర అన్న అంకెలో ఆ నాదస్వరం ఎక్కడుంది? దాని కింద నలిగిన తవిల్ ఎక్కడుంది? అంకె చూసి వెళ్లిపోయినవాడికి సినిమా దొరకదు. కూర్చుని అడిగినవాడికి, ఓపిగ్గా జవాబు చెప్పినవాడికి దొరుకుతుంది.

మంచి సమీక్షకుడా, నీకూ జయం! కోట్ల ఖర్చును చూసి కళ్లు తిరగనివాడివి, మూడు గంటల మా కాలానికి విలువ కట్టేవాడివి. నీతో పోట్లాడే హక్కు మాకిచ్చావు. మా మాట నిజమైతే మళ్లీ విని ఒప్పుకున్నావు. అంతకన్నా పెద్ద మర్యాద ప్రేక్షకుడికి లేదు.

ఇది చదువుతున్నవాళ్లకు ఒక మనవి. ఒకప్పుడు హాలు బయట అణాకో బేడకో పాటల పుస్తకాలు అమ్మేవాళ్లు. పాటలు, నటీనటులు, సాంకేతిక నిపుణులు, సగం కథ, చివర 'శేషం వెండితెరపై'. ఎన్నో సినిమాల రీళ్లు పోయాయి. ఆ పలుచని పుస్తకాలు ఇంకా కొన్ని ఇళ్లలో, అటక మీద ట్రంకుపెట్టెల్లో ఉన్నాయి. పాత క్యాసెట్ల లోపలి కాగితాలూ ఉన్నాయి. వాటిని పాత పేపర్లవాడికి వేయకండి. ప్రతి పేజీ ఫోటో తీసి, మీకు తెలిసిన సినిమా పిచ్చోడికి ఈ వారమే పంపండి. ఇంట్లో తాతగారో అమ్మమ్మో ఉంటే, ఏ పాట ఎవరు పాడారో, ఏ హాల్లో చూశారో అడిగి రాసుకోండి.