లొంగని గుర్రం, లొంగని మనిషి: ‘స్పిరిట్’ చిత్రం, సర్వాయి పాపన్న గాథ – తులనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
అమెరికా పశ్చిమ సరిహద్దు కథల్లో మచ్చిక కాని మగ గుర్రం వీరనాయకుడు. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల మౌఖిక గాథల్లో ఆ స్థానం తిరగబడిన మనిషిది. ఈ భేదానికి పశువుపైన, భూమిపైన ఉన్న యాజమాన్య సంబంధాలే మూలమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: వీరగాథ, ముస్టాంగ్, ఆంబోతు, బందెలదొడ్డి, యాజమాన్యం.

1. ఉపోద్ఘాతం
2002లో డ్రీమ్‌వర్క్స్ సంస్థ ‘స్పిరిట్: స్టాలియన్ ఆఫ్ ద సిమరాన్’ అనే యానిమేషన్ చిత్రాన్ని విడుదల చేసింది. కెల్లీ ఆస్బరీ, లోర్నా కుక్ దర్శకులు. గుర్రమే కథానాయకుడు, కథకుడు కూడా. అమెరికా అశ్వికదళం దాన్ని పట్టుకుంటుంది. కల్నల్ దాన్ని కొయ్యకు కట్టించి, తిండీ నీరూ లేకుండా మాడ్చి లొంగదీయాలని చూస్తాడు. లకోటా యువకుడు లిటిల్ క్రీక్‌తో కలిసి గుర్రం తప్పించుకుంటుంది. చివరికి కల్నలే తల వంచి దాని ధైర్యాన్ని గుర్తించి వదిలేస్తాడు. ఈ ముగింపు ప్రేక్షకుణ్ణి తృప్తిపరుస్తుంది. ఆ తృప్తి ఎలా సాధ్యమైందన్నదే విమర్శకుడు అడగవలసిన ప్రశ్న.

2. ‘అడవి గుర్రం’ అన్న మాట
ముస్టాంగ్‌ను ‘అడవి గుర్రం’ అనడం చారిత్రకంగా సరికాదు. 16వ శతాబ్దిలో స్పానియార్డులు గుర్రాలను తెచ్చేనాటికి ఉత్తర అమెరికాలో వాటి ఉనికే లేదు. అవి వేల సంవత్సరాల కిందటే అక్కడ అంతరించాయి. తప్పించుకున్నవి, వదిలేసినవి మందలుగా పెరిగాయి. 1680 ప్యూబ్లో తిరుగుబాటు తరువాత గుర్రాలు మూలవాసుల మధ్య విస్తృతంగా వ్యాపించాయి. ‘ముస్టాంగ్’ అనే మాటకు మూలమైన స్పానిష్ పదానికి అర్థం యజమాని లేని పశువు అని. అంటే దాని వన్యత్వం పుట్టుకతో వచ్చింది కాదు, పట్టు తప్పిన యాజమాన్యం మిగిల్చిన గుర్తు.

యజమాని లేకుండా తిరిగే పశువు మన పల్లెలకూ తెలుసు. దానికి మనం చూపిన చోటు బందెలదొడ్డి. దేవుడి పేర ముద్ర వేసి వదిలిన ఎద్దుకు తిరిగే హక్కు ఉంది. అయితే ఆ స్వేచ్ఛకు ముద్రే ఆధారం. పైగా ‘అచ్చోసిన ఆంబోతు’ మన భాషలో తిట్టు. అక్కడ వీరత్వమైనది ఇక్కడ బాధ్యతారాహిత్యమైంది. పొలం చుట్టూ అల్లుకున్న సేద్యపు సమాజానికి కట్టు లేని పశువు పంటకు ముప్పు.

3. దక్కనులో గుర్రం
దక్కనులో యుద్ధాశ్వాలు పెద్ద సంఖ్యలో అరేబియా, పర్షియాల నుంచి సముద్రం మీదుగా దిగుమతి అయ్యేవి. అందువల్ల గుర్రం రాజుకూ సర్దారుకూ చిహ్నమైంది. దేశింగురాజు కథలో ఎవరికీ లొంగని గుర్రం ఉంది. కాని దాన్ని లొంగదీసిన దేశింగుకే కీర్తి దక్కింది. గుర్రం పొగరు రౌతు పరాక్రమానికి కొలమానంగా మిగిలింది. 1714లో ఆర్కాటు నవాబుతో పోరాడి మరణించిన ఆ సెంజి పాలకుని గాథ గుర్రం వైపు నుంచి చెప్పిన కథ కాదు.

4. పాపన్న: గుర్తింపు, దాని రద్దు
సర్వాయి పాపన్న కల్లుగీత కులంలో పుట్టినవాడు. 1708లో ఓరుగల్లుపైనా, నిన్నమొన్నటి వరకు నల్లగొండ జిల్లాలో ఉన్న భువనగిరిపైనా దాడి చేశాడు. ఖాఫీ ఖాన్ చరిత్రలో అతడు దోపిడీదారు. 1874లో జె.ఏ. బాయల్ ‘ఇండియన్ ఆంటిక్వెరీ’లో పరిచయం చేసిన తెలుగు గాథలో వీరుడు.

‘స్పిరిట్’ ముగింపుతో పోల్చదగిన ఘట్టం పాపన్న చరిత్రలోనూ ఉంది. 1709లో బహదూర్ షా భారీ కప్పం తీసుకొని పాపన్నకు దర్బారులో గౌరవం ఇచ్చాడు. కల్లుగీత కులస్థుడికి ఆ మర్యాద ఏమిటని ఉన్నత వర్గాలు అభ్యంతరం చెప్పాయి. చక్రవర్తి మనసు మార్చుకున్నాడు, సైన్యం కదిలింది. 1710లో పాపన్నను పట్టుకొని చంపారు.

గుర్రాన్ని గౌరవించి వదిలేస్తే కల్నల్‌కు పోయేదేమీ లేదు. గుర్రానికి గడ్డి చాలు, పట్టా అక్కర్లేదు, దర్బారులో చోటూ అక్కర్లేదు. పాపన్నకు కోట కావాలి, పొలం కావాలి, కులం అడ్డురాని హోదా కావాలి. ఖాఫీ ఖాన్ రాతను బట్టి బంజారాల ఎడ్లను పట్టి సేద్యానికి పెట్టినవాడతడు. అలాంటి వాణ్ణి గుర్తించడమంటే వ్యవస్థను మార్చడమే. అందుకే ఆ గుర్తింపు నిలవలేదు.

ఈ వెలుగులో చూస్తే చిత్రంలోని లోపం తేటపడుతుంది. గుర్రం సిమరాన్‌కు తిరిగి చేరుతుంది. లిటిల్ క్రీక్ జాతి భూమి ఏమైందో కథ అడగదు. గుర్రపు విడుదల మనిషి నిర్వాసనను కప్పేసింది.

5. ముగింపు
మహబూబ్‌నగర్ పాటల్లోని పండుగ సాయన్నను గాని, పాపన్నను గాని ‘కళ్లెం లేని గుర్రం’ అని వర్ణించడం వినసొంపుగా ఉండవచ్చు. కాని ఆ ఉపమానం కులాన్ని, భూమిని, శిస్తును పక్కకు నెట్టి తెగువను మాత్రమే మిగులుస్తుంది. వెట్టికీ దొరతనానికీ ఎదురుగా 1946–51 మధ్య భూమి కోసం పోరాడిన నల్లగొండ నేల మీద అది చిన్న నష్టం కాదు. అయితే ‘స్పిరిట్’ మనకు నేర్పేదీ ఒకటుంది: కథను పశువు వైపు నుంచి చూడటం. మౌఖిక గాథలు సేకరించే పరిశోధకులు వాటిలోని గుర్రం, ఎద్దు ఎవరివో, ఎవరి కింద పనిచేశాయో, ఎవరు వాటిని కోల్పోయారో నమోదు చేస్తే వీరుని కథ వెనుక ఉన్న ఆర్థిక చరిత్ర బయటపడుతుంది.