అర్థం తెలియని పాట ఎందుకు పట్టుకుంటుంది?

మన పత్రికలో ఎప్పుడూ పుస్తకాల గురించే రాస్తారు. ఈసారి ఒక పాటల ఆల్బం గురించి రాస్తానంటే మా తెలుగు సారు ఒక షరతు పెట్టారు: "బాగుందంటే ఎందుకు బాగుందో చెప్పాలి, బాగా లేదంటే ఎక్కడ బాగా లేదో చూపించాలి. ఊరికే ఆహా ఓహో అంటే వేసేది లేదు." సరేనని ఒప్పుకున్నాను.

ఆల్బం పేరు 'రొమాన్జా'. పాడింది ఇటలీ గాయకుడు ఆండ్రియా బొచెల్లి. 1997లో వచ్చింది. ప్రపంచమంతా కలిపి 2 కోట్లకు పైగా కాపీలు అమ్ముడుపోయాయి. ఇటాలియన్‌లో పాడిన ఏ ఆల్బం కూడా ఇంతగా అమ్ముడవడం చాలా అరుదు. కొన్నవాళ్లలో ఎక్కువమందికి ఇటాలియన్ రాదు. నాకూ రాదు. బెంగళూరులో పనిచేసే మా మామ దగ్గర ఆ సీడీ ఉంటే, అట్ట మీద పాటల పేర్లకు అర్థాలు వెతుక్కుంటూ సెలవుల్లో చాలాసార్లు విన్నాను. ఒక్క మాట తెలియకుండానే పదిహేను పాటలు మళ్లీ మళ్లీ వినాలనిపిస్తే, ఆ పట్టు ఎక్కడుంది? ఈ ప్రశ్న నాకు ఊరికే పుట్టలేదు. మనం మాట్లాడే భాష పాటలను కూడా మన చుట్టూ ఉన్నవాళ్లు అలాగే, అర్థం తెలియకుండానే వింటారు కదా. ఆ సంగతి తర్వాత చెప్తాను.

ముందు గాయకుడి గురించి రెండు ముక్కలు. బొచెల్లి 1958లో టస్కనీ ప్రాంతంలో లయాటికో అనే చిన్న ఊళ్లో పుట్టాడు. పుట్టుకతోనే గ్లాకోమా. పన్నెండేళ్లప్పుడు ఫుట్‌బాల్ ఆటలో దెబ్బ తగిలి చూపు పూర్తిగా పోయింది. పీసా విశ్వవిద్యాలయంలో లా చదివి, కొంతకాలం వకీలుగా పనిచేసి, సాయంత్రాలు బార్లలో పియానో వాయించేవాడు. 1992లో జుక్కెరో అనే రాక్ గాయకుడు తన 'మిజెరేరే' పాటను పవరొట్టికి వినిపించడానికి ఒక నమూనా పాడించుకున్నాడు. ఆ నమూనాలోని గొంతు బొచెల్లిది. 1994లో సాన్రెమో పాటల పోటీలో కొత్తవాళ్ల విభాగంలో గెలిచాడు. ఇంతే చెప్పి ఆపుతాను. ఎందుకంటే ఇతని గురించి ఎవరు మాట్లాడినా చూపు లేదన్న దగ్గర మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. జాలితో విన్న పాట పాట కాదు. గొంతు గురించి మాట్లాడితేనే అతనికి మర్యాద.

శాస్త్రీయ సంగీతం గొంతుతో జనం పాటలు పాడటాన్ని క్రాసోవర్ అంటారు. ఇది అర్థం కావడానికి మనం ఇటలీ దాకా పోనక్కర్లేదు. 1980లో వచ్చిన శంకరాభరణం ఉంది. కర్ణాటక సంగీతం పద్ధతిగా నేర్చుకోని ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారు అందులో శంకరశాస్త్రి గొంతై పాడారు, జాతీయ అవార్డు తెచ్చుకున్నారు. కచేరీకి ఎన్నడూ పోని జనం రాగాల పేర్లు నేర్చుకున్నారు. సంగీతం తెలిసినవాళ్లలో కొందరు ముఖం చిట్లించుకున్నారు. రెండూ నిజమే. బొచెల్లి విషయంలో కూడా ఇదే జరిగింది. కాకపోతే అక్కడ తగవు ఇంకా గట్టిగా నడిచింది, దానికి కారణం మైకు.

ఒపేరాలో మైకు ఉండదు. ఒక్క మనిషి గొంతు, ఎదురుగా అరవై డెబ్బై వాయిద్యాలు, రెండు మూడు వేల మంది జనం. చివరి వరుస దాకా ఆ గొంతు వినపడాలి. ఎలా? మన ఫిజిక్సు పుస్తకం తెరిస్తే సగం జవాబు దొరుకుతుంది. ఆర్కెస్ట్రా శబ్దంలో బలమంతా సుమారు 500 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది, పైకి పోయేకొద్దీ తగ్గుతుంది. ఒపేరా గాయకులు గొంతు లోపలి భాగాన్ని ఒక పద్ధతిలో ఉంచి, 3000 హెర్ట్జ్ ప్రాంతంలో తమ గొంతుకు ఒక మెరుపు తెచ్చుకుంటారు. అక్కడ వాయిద్యాల పోటీ తక్కువ. కాబట్టి అరవకుండానే గొంతు పైకి తేలుతుంది. దీనికి ఏళ్ల తరబడి సాధన కావాలి. 1999లో బొచెల్లి డెట్రాయిట్‌లో 'వెర్తెర్' అనే ఒపేరాలో పాడితే, విమర్శకులు పట్టుకున్నది ఇదే. గొంతు చిన్నది, హాలుకు చాలదు అన్నారు.

హాలుకు చాలకపోవచ్చు. కానీ రొమాన్జా హాల్లో వినే వస్తువు కాదు. చెవిలో పెట్టుకుని వినేది. ఒపేరా గాయకుడు మూడువేల మందికి ఒకేసారి పాడతాడు, బొచెల్లి ఒక్కరికి పాడతాడు. మైకు దగ్గరగా ఉండబట్టే పాట మొదట్లో అతను దాదాపు మాట్లాడుతున్నట్టు పాడగలడు, ఊపిరి తీసుకోవడం కూడా వినపడుతుంది. ఆ తర్వాత పల్లవి దగ్గర గొంతు విప్పుతాడు. పక్కింట్లో కూర్చుని మెల్లిగా మాట్లాడే పెద్దాయన ఉన్నట్టుండి లేచి కొండ మీదికి పిలుపు వేసినట్టు ఉంటుంది. ఈ రెండూ ఒకే గొంతులో ఉండటమే ఈ ఆల్బం ఆకర్షణలో సగం అని నా లెక్క. ఉత్త పాప్ గాయకుడికి ఆ రెండోది రాదు. ఒపేరా గాయకుడు మొదటిది చేస్తే వెనక వరుసకు వినపడదు. మైకును దొంగ సాయం అనేవాళ్లు ఈ సంగతి చూడరు.

మోసం లేదా అంటే, ఉంది. కానీ అది పాటలో లేదు, పాటను అమ్మే తీరులో ఉంది. ఇతన్ని ప్రపంచంలోకెల్లా గొప్ప ఒపేరా గొంతు అని ప్రకటన వేస్తే అది అబద్ధం. ఒపేరా పెద్దరికాన్ని అరువు తెచ్చుకుని, దాని కష్టం లేకుండా వినండి అని అమ్మినట్టు. వినేవాడికి కూడా "నేను శాస్త్రీయం వింటాను" అన్న చిన్న గర్వం ఉచితంగా దొరుకుతుంది. (మన దగ్గర పెళ్లిళ్లలో సన్నాయికి బదులు కీబోర్డు మీద కీర్తన వాయించడం కూడా ఈ లెక్కలోదే.)

ఇప్పుడు అందరికీ తెలిసిన పాట దగ్గరికి వస్తాను. 'కోన్ తె పార్తిరో'. సంగీతం ఫ్రాంచెస్కో సర్తోరి, మాటలు లూచో క్వారంతోత్తో. 1995 సాన్రెమోలో ఈ పాటకు వచ్చింది నాలుగో స్థానం. పేరుకు అర్థం "నీతో బయలుదేరతాను" అని. మరుసటి ఏడు ఇంగ్లండు గాయని సారా బ్రైట్‌మన్ దీన్ని అతనితో కలిసి పాడాలనుకుంది. జర్మనీ బాక్సర్ హెన్రీ మాస్కెకు అది వీడ్కోలు పోటీ. వీడ్కోలు సందర్భం కాబట్టి పేరును ఇంగ్లీషులోకి మార్చి 'టైమ్ టు సే గుడ్‌బై' అన్నారు. 1996 నవంబరులో మ్యూనిక్‌లో ఆ పోటీ జరిగింది. మాస్కె ఓడిపోయాడు. పాట గెలిచింది. జర్మనీలో ఎక్కువగా అమ్ముడైన పాటల్లో ఒకటయింది.

ఇక్కడే ఒక తమాషా ఉంది. ఇటాలియన్ పేరు "నీతో వస్తాను" అంటుంది, ఇంగ్లీషు పేరు "సెలవు" అంటుంది. పూర్తిగా ఎదురు మాటలు! అయినా రాగం మాత్రం రెంటినీ మోసింది. ఆ పేరు చూసి పాశ్చాత్య దేశాల్లో అంత్యక్రియల్లో కూడా ఈ పాట పెడతారు. మన దగ్గర ఫేర్‌వెల్ పార్టీల్లో పెడతారు. ఎవరికీ అనుమానం రాదు, ఎందుకంటే ఎవరూ ఇటాలియన్ మాటల జోలికి పోలేదు. రాగం ఇచ్చిన దుఃఖాన్ని తీసుకున్నారు, దాని మీద రాసిన చీటీని నమ్మారు. నాకైతే కలిసి పాడినదానికంటే బొచెల్లి ఒక్కడే పాడిందే నచ్చింది. సారా గొంతు ఎత్తుకు సునాయాసంగా పోతుంది, కాదనను. కానీ ఇద్దరూ కలిసేసరికి అది ఊరేగింపు అయిపోతుంది. ఒక్కడు పాడినప్పుడు అది ఇద్దరి మధ్య మాట.

మాట తెలియకపోయినా పాట ఇంతగా ఎందుకు అంటుకుంటుంది అంటే, భాషకు అందులో పెద్ద వాటా ఉంది. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరిపినప్పుడల్లా ఎవరో ఒకరు స్టేజీ ఎక్కి "తెలుగు తూర్పు దేశపు ఇటాలియన్" అంటారు. నికోలో కోంటి అన్నాడని చెప్పుకునే మాట అది. అందరం చప్పట్లు కొడతాం, ఎవరం ఇటాలియన్ విని ఉండం. ఈ ఆల్బం వింటే ఆ పోలిక చెవికి అందుతుంది. మాటలు దాదాపు అన్నీ అచ్చుతో ముగుస్తాయి. అచ్చు మీద గొంతు ఎంతసేపైనా నిలబడుతుంది, ట మీదో క మీదో నిలబడదు కదా. మన అమ్మ, అన్న మాటల్లాగే వాళ్లకు మమ్మ, నొన్న ఉన్నాయి. నొన్న అంటే అవ్వ. ఒత్తు దగ్గర చిన్న ఆగడం, వెంటనే అచ్చులోకి జారడం. పాటకు ఇంతకంటే ఏం కావాలి? తేడా కూడా ఉంది. అతను స్వరాన్ని పట్టుకుని అక్కడే సన్నగా వణికిస్తాడు. మన గాయకులు స్వరం నుంచి స్వరానికి జారుతూ, ఊగుతూ పోతారు. అతని పాటలో స్వరం ఒక దీపం, మన గమకంలో అది ఉయ్యాల.

ఇందాక వదిలిన మాట ఇది. మా అక్క హోసూరులోనే ఒక టీచరమ్మ దగ్గర పాట నేర్చుకుంటుంది. అక్కతో నేర్చుకునేవాళ్లలో చాలామంది ఇంట్లో తమిళం మాట్లాడేవాళ్లు. వాళ్ల నోటుబుక్కులు చూశాను. త్యాగరాజ కీర్తనలు తమిళ లిపిలో ఉంటాయి. తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం కాబట్టి అక్షరం నెత్తిన 1, 2, 3, 4 అని అంకెలు వేసుకుంటారు. ఎంత ఓపిక! తిరువయ్యారులో కూర్చుని ఆయన తెలుగులో పాడిన పాటను, తెలుగు రాని పిల్లలు అంకెలు వేసుకుని మరీ పలుకుతున్నారు. అది చూస్తే నాకు గర్వంగానూ ఉంటుంది, దిగులుగానూ ఉంటుంది. 'నిధి చాల సుఖమా' కీర్తన ఒక సూటి ప్రశ్న. డబ్బు ఎక్కువ సుఖమా, దేవుడి సన్నిధి ఎక్కువ సుఖమా అని అడుగుతుంది. మాటను ఎక్కడ విరవాలో తెలియక మధ్యలో ఊపిరి తీసుకుంటే ప్రశ్న పోయి కళ్యాణి రాగం మాత్రం మిగులుతుంది. రాగం మిగిలింది కదా, చాలదా అంటుంది అక్క. చాలదని నేను అంటాను. ఈ వాదన మా ఇంట్లో అన్నం దగ్గర చాలాసార్లు నడిచింది. మా నాయన "ముందు తినండే" అంటాడు.

నా వాదనకు ఈ ఆల్బంలోనే సాక్ష్యం ఉంది. 'కరూసో' అనే పాట. 1986లో లూచో డల్లా రాశాడు. ఎన్రికో కరూసో అనే మహా ఒపేరా గాయకుడి చివరి రోజుల గురించి. నేపుల్స్‌లో 1873లో పుట్టి 1921లో అక్కడే పోయిన మనిషి. 1902లో మిలాన్‌లో గ్రామఫోన్‌కు పాడి, హాలుకు రాలేని జనం ఇళ్లలోకి ఒపేరాను తీసుకుపోయినవాడు కూడా అతనే, వీధిలో పాడే నేపుల్స్ పాటలు కూడా పాడేవాడు. అంటే క్రాసోవర్ నిన్న పుట్టింది కాదు. మొదటిసారి ఇవేమీ తెలియకుండా విన్నప్పుడు అది ఇంకో బరువైన పాటలా ఉంది. చావు దగ్గరపడిన గాయకుడు సొరెంటోలో సముద్రం ఎదురుగా నిలబడ్డాడని తెలిశాక విన్నప్పుడు, పల్లవిలో గొంతు ఎత్తడం బలం చూపడంలా అనిపించలేదు. ఉన్న కాస్త ఊపిరినీ ఖర్చుపెట్టడంలా అనిపించింది. పాట మారలేదు, గొంతు మారలేదు, నాకు కథ తెలిసింది అంతే. ఒపేరా గాయకుడి గురించి పాప్ గాయకుడు రాసిన పాటను, ఆ ఇద్దరి మధ్యలో ఉన్నవాడు పాడటం కూడా బాగుంది.

లోపాలు చెప్పకపోతే సారు ఊరుకోరు. పదిహేను పాటలూ ఒకే కూర్చోవడంలో వినకూడదు. దాదాపు ప్రతి పాటా మెల్లగా మొదలై, మధ్యలో పెరిగి, చివర పెద్ద గొంతుతో ముగుస్తుంది. నాలుగో పాటకే ఎప్పుడు అరుస్తాడో మనకు ముందే తెలిసిపోతుంది. పండగనాడు వరసగా ఆరు ఓళిగలు తిన్నట్టే. కొన్ని పాటల్లో వెనక మోగే కీబోర్డు ఆ రోజుల నాటిదని ఇట్టే తెలిసిపోతుంది. గొంతుకు వయసు రాలేదు, దానికి వచ్చింది. ఇది ముందు వచ్చిన ఆల్బంల నుంచి ఏరి కూర్చిన సంకలనం కాబట్టి, ఒక పాట ఇంకో పాటకు దారి తీయదు. జోర్జా అనే గాయనితో పాడిన 'వీవో పెర్ లేయీ' మాత్రం ఈ బరువు మధ్య గాలి ఆడినట్టు ఉంటుంది. "ఆమె కోసం బతుకుతున్నాను" అని ఆ పేరుకు అర్థం. ఆ ఆమె ఎవరో కాదు, సంగీతం!

అందరూ దాటేసి పోయే పాట ఒకటుంది, 'ఎ క్యోవె'. "వాన పడుతోంది" అని అర్థం. ఇది ఇటాలియన్ కూడా కాదు, నేపుల్స్ వాళ్ల భాష. ఇటాలియన్‌లో అయితే 'ఎ ప్యోవె' అనాలి. ఒక్క అక్షరం తేడా. మన హోసూరు తెలుగును పుస్తకం తెలుగు పక్కన పెట్టినప్పుడు వచ్చే తేడా లాంటిదే. టస్కనీలో పుట్టినవాడు, పాటను బడి ఇటాలియన్‌లోకి దిద్దకుండా నేపుల్స్ మాటనే నేర్చుకుని పాడాడు. కేకలు లేవు, ఊరేగింపు లేదు. అక్కకు కూడా ఈ ఒక్క పాటా నచ్చింది. "ఇది ఏ భాష?" అని అడిగింది. అడిగింది కదా అని నేను అర్థం కూడా చెప్పాను.