వీధి లెక్క, బడి లెక్క

కొబ్బరికాయ ఒక్కొక్కటి 35. నాలుగు కాయలు ఎంత? బ్రెజిల్‌లోని రెసిఫె నగరంలో కాయలమ్మే 12 ఏళ్ళ కుర్రవాడు దీన్ని నోటితోనే తేల్చాడు. మూడు కాయలు 105, దానికి 30 కలిపితే 135, ఇంకో 5 కలిపితే 140. తర్వాత అతనికే కాగితం మీద 35 × 4 ఇచ్చారు. నాలుగు ఐదులు ఇరవై. సున్నా వేసి, రెండు చేతిలో ఉంచుకున్నాడు. ఆ రెండును ముందే మూడుకు కలిపి, వచ్చిన ఐదును నాలుగుతో హెచ్చించాడు. జవాబు 200!

టెరెజిన్యా నూనెస్, అనలూసియా ష్లీమన్, డేవిడ్ కారహర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఈ పరిశోధనను 1985లో ప్రకటించారు. 1993లో వెలువడిన వారి పుస్తకం 'స్ట్రీట్ మాథమాటిక్స్ అండ్ స్కూల్ మాథమాటిక్స్'కు ఇదే పునాది. అంగడిలో బేరగాళ్ళలా అడిగితే పిల్లలు 98 శాతం సరిగా చెప్పారు. మాటల లెక్కలుగా ఇస్తే 74 శాతం, వట్టి అంకెలుగా ఇస్తే 37 శాతం.

'లెక్కలు రానివాడు' అన్న ముద్ర ఎంత తొందరపాటో ఈ పుస్తకం చూపుతుంది. పిల్లలు ఎలా ఆలోచించారో వారి మాటల్లోనే వినిపించడం దీని బలం. అంగడిలో 35 అంటే ముప్పై, ఐదు. కాగితం మీద ఆ ముప్పై ఒట్టి 'మూడు'గా మారిపోయింది. అర్థం జారిపోయి, సూత్రం మాత్రం మిగిలింది.

అయితే రెండు జాగ్రత్తలు. మొదటి పరిశోధనలో ఉన్నది ఐదుగురు పిల్లలే. పైగా, దీన్ని చదివి వీధి లెక్కే గొప్పదని అనుకోకూడదు. 347 × 268ని కూడికలతో చేయబోతే తెల్లవారుతుంది! అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ దుఫ్లో బృందం కలకత్తా, ఢిల్లీ అంగళ్ళలో 1,400 మందికి పైగా పనిచేసే పిల్లలను పరిశీలించి, 2025లో 'నేచర్' పత్రికలో ఫలితాలు ప్రకటించింది. అంగడి లెక్కల్లో చురుకైనవారు బడి లెక్కల్లో తడబడ్డారు. అంగడి ఎరుగని బడిపిల్లలేమో బేరం లెక్కల్లో తడబడ్డారు. అంటే లోపం ఏ ఒక్కరిదీ కాదు. రెండు లెక్కల మధ్య వంతెన లేదు.

ఆ వంతెన ఎలా కట్టాలి? ఒక చిన్న అలవాటుతో మీరే మొదలుపెట్టండి. గుణకారం మొదలుపెట్టే ముందు అంగడివాడిలా అంచనా వేయండి. నాలుగు నలభైలు 160. కనుక 35 × 4 అంతకంటే తక్కువే ఉండాలి. అప్పుడు 200 అని రాయబోయే చెయ్యి దానంతటదే ఆగుతుంది.