అడిగే ఓపిక

మనుషులతో పని చేయించడం కూడా ఒక పనితనమే. మా బిచ్కుంద చుట్టుపక్కల పల్లెల్లో దాన్ని రోజూ చూపించాల్సింది పంచాయతీ కార్యదర్శి. ట్రాక్టర్ మీద ఎవరు పోవాలి, నర్సరీకి ఎవరు నీళ్లు పట్టాలి, తెల్లారేసరికి పురమాయించాలి.

కొత్తలో చాలామంది చక్కగానే చేస్తారు. వయసులో పెద్దవాడైన కార్మికుణ్ణి "అన్నా, ఇయ్యాల ఆ గల్లీ మోరీ తీసుడైతదా?" అని అడుగుతారు. కొన్నేళ్లకు అదే గొంతు "ఇంకెప్పుడు తీస్తవ్?" అంటుంది. మనిషి చెడ్డవాడు కాలేదు, జవాబు వినే ఓపిక అయిపోయింది. పనిలో కాలిపోయినవాళ్లు ముందు అలసిపోతారనీ, ఎదుటి మనుషుల్ని మనుషులుగా చూడటం తగ్గిస్తారనీ అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త క్రిస్టీనా మాస్లాక్ ఎప్పుడో చెప్పారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2019లో ఈ కాలిపోవడాన్ని (బర్నౌట్‌ను) జబ్బుల్లో చేర్చకుండా, పనిచోట పుట్టే సమస్యగా రాసుకుంది.

మరి ఇక్కడి పనిచోటు ఎలా ఉంది? నాటిన మొక్కల్లో 85 శాతం బతక్కపోతే కార్యదర్శి ఉద్యోగానికే ముప్పని తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం చెప్పింది. 2019లో చేరిన జూనియర్ కార్యదర్శులకు మూడేళ్ల ప్రొబేషన్ అన్నారు, దాన్ని నాలుగేళ్లు చేశారు. రెగ్యులర్ చేయమని 2023 ఏప్రిల్ ఆఖరున సమ్మెకు దిగితే, విధుల్లో చేరకుంటే తీసేస్తామన్నారు. 2024 ఫిబ్రవరి నుంచి చాలాకాలం సర్పంచులే లేరు, ఊరి తిట్లన్నీ కార్యదర్శికే. పైనుంచి యాప్, ఫొటోలు, టెలికాన్ఫరెన్స్. ఆ కాన్ఫరెన్స్‌లో గద్దించే అధికారి కూడా ఎవరి చేతనో మాట పడే వచ్చి ఉంటాడు.

ఆ మాటలన్నీ చివరికి చేరేది మోరీ, ట్రాక్టర్, నర్సరీ పనులన్నీ చేసే పంచాయతీ కార్మికుడు, అంటే మల్టీపర్పస్ వర్కర్ దగ్గరికి. 2023లో పెంచాక అతని జీతం 9,500 రూపాయలైంది, అదీ చాలాసార్లు ఆలస్యంగానే అందింది. అతను ఎదురు చెప్పడు. చెప్పడమే మానేస్తాడు. గ్లవుజులు చిరిగాయని చెప్పడు, మంచినీళ్ల పైపు మోరీ పక్కనే కారుతోందని చెప్పడు. ఊరికి ఇంతకంటే పెద్ద నష్టం నాకు కనిపించదు, ఎందుకంటే ఆ పైపు సంగతి అందరికంటే ముందు తెలిసేది అతనికే.

కార్యదర్శులకు మర్యాద నేర్పే శిక్షణలు ఈ సమస్యను తీర్చలేవు. ఆదివారం వాళ్ల ఫోన్ మోగకూడదు. సాయంత్రం కాన్ఫరెన్సుకు ఒక గడువుండాలి. యాప్‌లో పంపిన ఫొటోనే మళ్లీ వాట్సాప్‌లో అడగొద్దు. వీటికి చట్టం మార్చనక్కర్లేదు, జిల్లా అధికారులు ఒక్క ఉత్తర్వు ఇస్తే చాలు. ఈ నెల సమీక్షలోనే ఇవ్వమని అడుగుతున్నాను.