నంబరు మీద రంగు పడనీయని చెయ్యి

ముందు కిరసనాయిలు తడిపిన గుడ్డ. దాంతో జిడ్డును తుడవడు, నానబెడతాడు. గుడ్డను అక్కడే చుట్టి వదిలేసి, బీడీ కాల్చుకోవడానికి షెడ్డు దాటి రోడ్డు అవతలికి వెళ్తాడు. కిరసనాయిలు దగ్గర బీడీ వద్దన్న జ్ఞానం ఉన్న మనిషి. తిరిగొచ్చాక ఒక వెదురు పుల్లను చెక్కి, దాని మొనతో జావా బండి మెడ దగ్గర, హ్యాండిల్ తిరిగే గొట్టం మీద, ఏళ్ళ తరబడి పేరుకున్న గ్రీజును మెల్లగా గీకుతాడు. స్క్రూడ్రైవరు చేతికందే దూరంలోనే ఉంది. దాన్ని ముట్టుకోడు. ఎందుకన్నా అని అడిగితే, "ఇనుముతో గీకితే ఇనుము అరుగుతాది గదప్పా" అన్నాడు.

హిందూపురంలో ఒక చిన్న షెడ్డులో ఒక పెద్దాయన ఈ పని చేస్తుండగా చూశాను. పేరు రాయొద్దన్నాడు కాబట్టి రాయను. బండి 1971 నాటిది. మైసూరులోని ఐడియల్ జావా ఫ్యాక్టరీలో పుట్టి, హిందూపురానికి దగ్గర్లోని గౌరీబిదనూరులో బతికి, ఈమధ్యే ఆటో ట్రాలీ ఎక్కి సరిహద్దు దాటింది. ముందు మడ్‌గార్డు మీద నిలువునా అమర్చిన నంబరు పలక నల్లరంగుది. తెల్లటి అక్షరాలు 'ఎంవై'తో మొదలవుతాయి. అంటే మైసూరు రాష్ట్రం. 1973 నవంబరు 1న కర్ణాటకగా పేరు మారిన రాష్ట్రం అది. ఆ అక్షరాల్ని ఎవరో కుంచెతో రాశారు. స్టిక్కరు కాదు, అచ్చు కాదు. పలక వంపును బట్టి అక్షరాల కింది భాగం కాస్త సాగింది, చివరి అంకె దగ్గర చోటు సరిపోక ఇరుకైంది. ఆ ఇరుకు చూస్తే నాకు ముచ్చటేసింది. ముందు గీత గీసుకోకుండా చేతి మీద నమ్మకంతో మొదలుపెట్టిన పెయింటరు, చివర్లో తేరుకుని సర్దుకున్న క్షణం అది. యాభై ఏళ్ళుగా అలాగే నిలిచిపోయింది.

బండి యజమాని కోరిక ఒక్కటే. దీన్ని వింటేజ్ వాహనంగా రిజిస్టరు చేయించాలి, ఆ ఎంవై నంబరు మాత్రం పోకూడదు.

ఈ కోరిక వెనక ఒక పాత దుఃఖం ఉంది. ఒక రాష్ట్రం బండిని ఇంకో రాష్ట్రంలో ఏడాదికి మించి ఉంచుకుంటే, అక్కడి నంబరు తీసుకోవాలని మోటారు వాహనాల చట్టం చెబుతుంది. సరిహద్దు ఊళ్ళకు ఇది మామూలు సంగతి. హిందూపురం మాట తెలుగు, యాస సగం కన్నడం, సరుకు బెంగళూరుది. బెంగళూరు నుంచి సెకండ్ హ్యాండులో వచ్చిన స్కూటర్లకూ మోటారు సైకిళ్ళకూ నిరభ్యంతర పత్రం తెచ్చి, 1989 తర్వాత వచ్చిన పద్ధతిలో ఏపీ 02 అని కొత్త నంబరు వేయించేవాళ్ళు. ఆ మార్పులో పాత పలకలు పాత ఇనుముకు పోయాయి. ఎన్ని పోయాయో ఎవరూ లెక్క పెట్టలేదు, లెక్క పెట్టాలని అప్పుడు ఎవరికీ తోచలేదు కూడా.

కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2020 నవంబరులో వింటేజ్ బండ్ల మీద ఒక ముసాయిదా విడుదల చేసి, 2021 జూలైలో దాన్ని నిబంధనలుగా ఖరారు చేసింది. ప్రభుత్వ భాష ఎక్కువ చదివి అలసిపోయిన వాణ్ణి నేను. అయినా ఈ కొద్ది నిబంధనల్లో ఒక పనితనం కనిపించింది. మొదటి రిజిస్ట్రేషను నాటి నుంచి 50 ఏళ్ళు దాటిన, సొంత వాడకానికే ఉంచుకున్న రెండు చక్రాల, నాలుగు చక్రాల బండ్లు వింటేజ్ అవుతాయి. దిగుమతి బండ్లకూ ఇదే వర్తిస్తుంది. దరఖాస్తు ఫారం 20. కొత్తగా రిజిస్టరు చేయించుకుంటే రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్ళు, ఆ తర్వాత మళ్ళీ చేయించుకుంటే 5,000. అన్నీ సరిగా ఉంటే 60 రోజుల్లో ధ్రువపత్రం ఇవ్వాలి. కొత్త నంబరు వచ్చేటట్టయితే రాష్ట్రం అక్షరాల తర్వాత 'వీఏ' అని ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ బండి అయితే ఏపీ వీఏ, దాని తర్వాత రెండక్షరాలు, నాలుగంకెలు. ఇదివరకే రిజిస్టరై ఉన్న బండి మాత్రం తన పాత నంబరునే ఉంచుకోవచ్చు. మన యజమాని కళ్ళు వెలిగింది ఈ చివరి మాట దగ్గరే.

వింటేజ్ బండిని రోజూ ఆఫీసుకు వేసుకెళ్ళకూడదు, బాడుగకు తిప్పకూడదు. ప్రదర్శనకు, ర్యాలీకి, సాంకేతిక పరిశోధనకు, పెట్రోలుకు, మరమ్మతుకు రోడ్డెక్కవచ్చు. పెట్రోలు బంకు దాకా వెళ్ళే హక్కును ప్రత్యేకంగా రాసిపెట్టిన మనిషెవరో గానీ, పాత బండి యజమాని మనసు తెలిసినవాడు. ఆదివారం పొద్దున బంకు ఎప్పుడూ కాస్త దూరంలోనే ఉంటుంది కదా.

అసలు గీటురాయి ఇంకొకటి. బండి తొలి రూపంలోనే ఉండాలి, ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో గట్టి మార్పులు జరిగి ఉండకూడదు. ఈ ఒక్క వాక్యంతో షెడ్డులో పెద్దాయన పని తలకిందులవుతుంది. సాధారణంగా మెకానిక్కుకు పేరొచ్చేది మార్చినందుకు: కొత్త బ్రేకులు బిగించాడని, బండిని గుర్తుపట్టలేనంతగా మెరిపించాడని. ఇక్కడ మార్చనందుకు పేరు రావాలి.

ఈ పనిలో అతి పెద్ద ప్రమాదం దొంగ మెకానిక్కు కాదు, ఉత్సాహవంతుడు. మా బంధువుల ఇంట్లో ఇలాంటి బండి ఒకటుండేది. దాన్ని ఎక్కడో ఒక చోట రంగుకిచ్చారు. తెచ్చేసరికి అద్దంలా ఉంది. ఛాసిస్ నంబరు ఉన్న చోట పుట్టీ పెట్టి, ఎమెరీ కాగితంతో రుద్ది, నున్నగా చేసి, మూడు పూతల రంగు కొట్టారు. ఆ రంగు కింద బండి పేరూ ఊరూ పూడిపోయాయి. పుట్టీ తవ్వి చూసేసరికి సగం అంకెలు ఎమెరీకి అరిగిపోయి ఉన్నాయి.

ఇసుకను గాలితో చిమ్మి తుప్పు వదిలించే పద్ధతి ఒకటుంది, శాండ్ బ్లాస్టింగ్ అంటారు. తుప్పుకు మంచి మందే గానీ, ఫ్యాక్టరీలో సుత్తి దెబ్బతో పడిన లోతు తక్కువ అంకెలకు అది విషం. హిందూపురం పెద్దాయన ఛాసిస్‌ను బ్లాస్టింగుకు పంపే ముందు నంబరు మీద ట్యూబు రబ్బరు ముక్క అతికించి, దాని చుట్టూ టేపు మూడు చుట్లు చుడతాడు. ఇంజిన్ కేసు మీది నంబరుకూ ఇదే మర్యాద. అల్యూమినియం కేసును బఫింగు చక్రం మీద మెరిపించే కుర్రాడితో, "నంబరు చుట్టుపక్కల రెండు వేళ్ళ మేర చక్రం రాకూడదు" అని ఒకసారి చెప్పి ఊరుకోడు, పక్కన నిలబడతాడు. అందుకే అక్కడ తయారైన ఇంజిన్ మీద ఒక మసక పట్టీ మిగిలిపోతుంది. తెలియని వాళ్ళకు అది పని సగంలో వదిలేసినట్టు కనిపిస్తుంది. నాకు మాత్రం ఆ మసకే సంతకం.

జావా ఇంజిన్ గురించి రెండు మాటలు చెప్పకుండా ఉండలేను. గేరు రాడ్డే కిక్కు రాడ్డు కూడా. దాన్ని లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్కుగా నిలబడుతుంది, స్టార్టయ్యాక కిందికి దించితే గేరు. ఒక్క సిలిండరుకు రెండు సైలెన్సర్లు. చెకోస్లోవేకియా నుంచి లైసెన్సు తెచ్చుకుని 1961లో మైసూరులో తయారీ మొదలుపెట్టారు. తర్వాత అవే యెజ్డీలయ్యాయి, 1996లో ఫ్యాక్టరీ మూతపడింది. సిలిండరు అరిగితే బోరు చేయించి ఓవర్‌సైజు పిస్టను వేయడం పాత పద్ధతి, దాన్ని ఇంజిన్ మార్చడమని నేననుకోను. పెద్దాయన మాత్రం ఆ బోరు కూడా వాయిదా వేస్తాడు. రింగులు మార్చి, వారం నడిపి, అప్పటికీ పొగ తగ్గకపోతేనే. తీసేసిన లోహాన్ని తిరిగి పెట్టలేం కదా అని ఆయన లెక్క.

ట్యాంకు రెండు పక్కలా క్రోమ్ ఉంటుంది, దాని అంచున బంగారు రంగు సన్నగీత. ఆ గీతను ఇప్పుడు స్టిక్కరుతో వేసేవాళ్ళే ఎక్కువ. ఇక్కడ పొడుగాటి వెంట్రుకల కుంచెతో వేస్తారు. చిటికెన వేలు ట్యాంకు మీద ఆనించి, ఊపిరి బిగబట్టి, ఒకే లాగులో. గీత మధ్యలో ఆగితే అక్కడ రంగు కాస్త గుమిగూడుతుంది, వేలితో తడిమితే తెలుస్తుంది. ఫ్యాక్టరీ వాళ్ళ గీత ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో ముందు ఫొటో తీసుకుని, అక్కడే మొదలుపెట్టి అక్కడే ముగించారు.

ఇలాంటి చేతులు ఈ ప్రాంతానికి కొత్త కాదు. ధర్మవరంలో పట్టుచీర అచ్చు (పడుగు) అయిపోవస్తే, మగ్గం మీదున్న పాత పోగుల కొసలకు కొత్త అచ్చు పోగుల్ని ఒక్కొక్కటే చేత్తో మెలిపెట్టి అతుకుతారు. వేల పోగులు. ఆ అతుకులు పన్నెలోంచి జారి ముందుకొస్తాయి. కట్టుకున్నవాళ్ళకు ఆ అతుకు ఎప్పటికీ కనిపించదు. హిందూపురం పక్కనే లేపాక్షిలో కల్యాణమంటపం పూర్తికాకుండానే నిలిచి ఉంది, స్తంభాలున్నాయి, పైకప్పు లేదు. నాలుగు వందల ఏళ్ళు దాటినా ఎవరూ దాన్ని పూర్తి చేయలేదు. ఇప్పుడు ఎవరైనా పూర్తి చేస్తామంటే మనమే అడ్డుపడతాం.

హిందూపురానికి ఉత్తరంగా పెనుకొండ. ఆ మండలంలోని ఎర్రమంచి దగ్గర 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. అక్కడ రోబో చేతులు వెల్డింగు చేస్తాయి, ఒక కారుకూ ఇంకో కారుకూ వెంట్రుకంత తేడా ఉండదు. తేడా లేకపోవడమే అక్కడి గొప్ప. అదే ఏడాది రాష్ట్రమంతటికీ ఏపీ 39 అనే ఒకే వరుస వచ్చింది. అంతకుముందు నంబరు చూసి ఇది అనంతపురం బండి అనేవాళ్ళం, ఇప్పుడు అనలేం. పెనుకొండలో తయారై అక్కడే నడిచే కారు మీద కూడా పెనుకొండ జాడ ఉండదు. గౌరీబిదనూరు నుంచి వచ్చిన జావా మీద మాత్రం ఇప్పుడు లేని ఒక రాష్ట్రం ఉంది.

పాత బండి అనిపించుకోవడానికి ఉండాల్సిన వయసు గీత బయటి దేశాల్లో ఇంకా కిందనే ఉంటుంది. అమెరికాలో చాలా రాష్ట్రాలు 25 ఏళ్ళ బండికే యాంటిక్ ప్లేటు ఇస్తాయి. జర్మనీలో 30 ఏళ్ళు నిండి, నిపుణుడు చూసి తొలి రూపంలో ఉందని రాసిస్తే నంబరు చివర 'హెచ్' అక్షరం చేరుస్తారు, 1997 నుంచి అక్కడ ఇదే పద్ధతి. బ్రిటన్‌లో 40 ఏళ్ళు దాటినవాటికి పన్ను మినహాయింపు ఉంది, 1980కి ముందు తయారైన బండ్లు పాత నల్ల పలకను ఉంచుకోవచ్చు. మన 50 ఏళ్ళ షరతు కఠినమే. మన ఎండలకు, మన రోడ్లకు అరవై దాటిన మనిషితో సమానం అది.

నిబంధనలో నాకు నచ్చని చోటు కూడా చెప్పాలి. ఎన్టీ రామారావు హిందూపురం నుంచి 1985, 1989, 1994లో శాసనసభకు గెలిచారు. ఆయన రాజకీయ జీవితానికి గుర్తుగా జనం చెప్పుకునే వాహనం చైతన్య రథం. పాత షెవర్లే వ్యానును ప్రచారానికి తగ్గట్టు మార్పించుకున్నది. ఎక్కి మాట్లాడడానికి పైన వేదిక, లోపల బస. ఆయన కొడుకు హరికృష్ణ నడిపారు. దాని విలువంతా ఆ మార్పులోనే ఉంది. తొలి రూపం అనే కొలబద్ద అలాంటి బండి దగ్గర నీళ్ళు నములుతుంది. మార్పు చేసిన చేతులదీ పనితనమే, కాలం గడిచాక ఆ మార్పే దాని అసలు రూపమవుతుంది. లారీ కేబిన్లు కట్టే మన వడ్రంగుల పనికీ ఇదే గతి. చట్టం రాసినవాళ్ళ ముందు మహారాజుల కార్లు ఉండి ఉంటాయి, ఇవి ఉండి ఉండవు.

మళ్ళీ షెడ్డుకు. మెడ దగ్గర గ్రీజు పోయింది. అంకెలు కనిపిస్తున్నాయి గానీ చదవడానికి లేదు, అడుగున తుప్పు నీడ ఉంది. పెద్దాయన సిగరెట్టు పెట్టెలోని పల్చటి తెల్లకాగితం తీశాడు. మామూలు కాగితం దళసరి, వంపు మీద కూర్చోదట. దాన్ని నంబరు మీద పరిచి, రెండు అంచుల్లో టేపు అంటించాడు. మెత్తటి పెన్సిలును పడుకోబెట్టి, ముక్కుతో కాకుండా పక్కతో, ఒకే దిక్కున రుద్దసాగాడు. ఆర్టీవో కాగితాలకు జత చేసే పెన్సిల్ ప్రింటు ఇదే. చాలాచోట్ల నిమిషంలో అయిపోతుంది, అందుకే సగం ప్రింట్లలో మూడూ ఎనిమిదీ ఒకేలా ఉంటాయి.

కాగితమంతా బూడిద రంగు. ఆ బూడిదలో మొదట ఒక నిలువు గీత తెల్లగా తేలింది. తర్వాత దాని పక్కన ఒక సున్నా. సున్నా ఒక పక్క లోతుగా, ఒక పక్క తేలిగ్గా ఉంది. మైసూరులో ఆ రోజు సుత్తి కొట్టినవాడి చెయ్యి కొంచెం ఎడమకు ఒరిగింది కాబోలు. యజమాని పైకి వంగి చదవబోతే, పెద్దాయన తలెత్తకుండానే అన్నాడు:

"నీడ పడతాంది, పక్కకు జరుగప్పా. ఇంకా మూడంకెలు ఉండాయి."