గీతల లాట్, ఈలల సెల్లార్

పండగ ముందు వారంలో కూకట్‌పల్లిలోనో పంజాగుట్టలోనో మాల్ సెల్లార్‌లోకి కారు దించడం ఎలా ఉంటుందో తెలుగు పాఠకులకు వివరించనక్కర్లేదు. ర్యాంప్ మలుపులో గుండ్రటి అద్దం, టోకెన్ చేతికిచ్చే కుర్రాడు, ముక్కుకు తగిలే పొగ, స్తంభాల వెనక నుంచి ఈల, "రానీ, రానీ... చాలు" అన్న కేక. డాలస్ శివారు ఫ్రిస్కోలోనో న్యూజెర్సీలోని ఎడిసన్‌లోనో ఇదే పని మరో తీరుగా సాగుతుంది. మనవాళ్లు కందిపప్పు, కరివేపాకు కొనుక్కునే దుకాణాల వరస ముందు విశాలమైన తారు నేల, దాని మీద తెల్ల గీతలు, బాణాలు. దారి చూపే మనిషి కనిపించడు. అక్కడ పార్కింగ్ లాట్‌ను గీతలు నడుపుతాయి, ఇక్కడ సెల్లార్‌ను మనుషులు నడుపుతారు. రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, పార్కింగ్ క్షేమంగా ఉండాలంటే ఏం కావాలో బాగా తెలిసివస్తుంది.

అమెరికా లాట్‌కు కీడు పైనుంచి వస్తుంది. ఎండ తారులోని జిగురును పెళుసు చేస్తుంది. పెళుసెక్కిన నేల సన్నగా పగులుతుంది. ఆ పగుల్లోంచి వాన నీరు అడుగునున్న కంకర పొరలోకి దిగుతుంది. చలి రాష్ట్రాల్లో ఆ నీరు గడ్డకట్టి ఉబ్బుతూ, కరుగుతూ పగులును గుంత చేస్తుంది. అందుకే బాధ్యత తెలిసిన యజమాని పగుళ్లను ఎప్పటికప్పుడు పూడ్పిస్తాడు, కొన్నేళ్లకోసారి నేలంతటికీ సీల్‌కోట్ పూయించి, దాని మీద గీతలు మళ్లీ వేయిస్తాడు. చెత్త లారీ బరువుకు తారు నిలవదు కాబట్టి చెత్త డబ్బాల ముందు కాంక్రీటు పరిపిస్తాడు. ఏం పూస్తున్నామో చూసుకోవడం కూడా నిర్వహణలో భాగమే. బొగ్గు తారుతో చేసిన సీల్‌కోట్ అరిగి, దుమ్మై వాగుల్లో చేరుతోందని తేలాక టెక్సస్‌లోని ఆస్టిన్ నగరం 2006లో దాన్ని నిషేధించింది. అమెరికాలో ఆ పని చేసిన మొదటి నగరం అదే.

మన సెల్లార్‌కు ఎండ బాధ లేదు గానీ నీటి బెడద తప్పలేదు. అక్కడ నీరు కిందికి ఇంకితే, ఇక్కడ పక్క గోడల్లోంచి ఊరుతుంది, పై శ్లాబు నుంచి కారుతుంది. కాంక్రీటులోని సున్నాన్ని కరిగించుకుని రాలే చుక్క కారు రంగు మీద తెల్లటి మరక వేస్తుంది. ఆ మరకను తుడిచి ఊరుకోకూడదు. శ్లాబు లోపలి ఇనప చువ్వలకు తుప్పు పట్టిందేమో చూడమని అది చెబుతోంది. పెద్ద వాన పడితే ర్యాంపే కాలువ అవుతుంది. 2020 అక్టోబరు వరదల్లో హైదరాబాద్‌లోనూ, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలోనూ సెల్లార్లలో బండ్లు మునిగిన సంగతి ఎవరూ మరిచిపోలేదు. ర్యాంప్ మొదట్లో అడ్డంగా జాలీ కాలువ, అడుగున సంప్, దానికి రెండు పంపులు, కరెంటు పోతే జనరేటర్ మీద నడిచే ఏర్పాటు: సెల్లార్ ప్రాణం వీటిలో ఉంది. వానాకాలానికి ముందే జాలీలో ఇరుక్కున్న ప్లాస్టిక్ కవర్లు తీయించడం అక్కడ పగులు పూడ్పించడం లాంటి చిన్న ఖర్చు. రెండు చోట్లా వాయిదా పడేది ఆ చిన్న ఖర్చే.

బండి దిగిన క్షణం నుంచి డ్రైవరూ పాదచారే. ఆ నడిచే మనిషి విషయంలో అమెరికా లాట్ నియమాలు ముచ్చటగా ఉంటాయి. 1990 నాటి వికలాంగుల చట్టం కింద వచ్చిన ప్రమాణాల ప్రకారం వంద బండ్లు పట్టే లాట్‌లో నాలుగు చోట్లు వికలాంగులకు ఉంచాలి. పక్కన చక్రాల కుర్చీ దించుకోవడానికి కనీసం 5 అడుగుల ఖాళీ ఉండాలి, అక్కడ నేల వాలు 48కి 1 మించకూడదు. మన భవన నియమాలు సెల్లార్ ర్యాంప్‌కు 8కి 1 వాలు ఒప్పుకుంటాయి. బండికి అది చాలు, నడిచేవాళ్లకు మాత్రం ప్రమాదం. లిఫ్టు పనిచెయ్యని రోజున జనం చేతుల్లో సంచులతో, చంకలో పిల్లలతో ఆ ర్యాంప్ మీదే కార్లకు ఎదురు నడుస్తారు. 2016లో దివ్యాంగుల హక్కుల చట్టం వచ్చింది, చక్రాల కుర్చీ బొమ్మ మన సెల్లార్లలోనూ కనిపిస్తోంది. ఆ బొమ్మ మీద బైకులు నిలిపి ఉండటమూ కనిపిస్తోంది.

అయితే గీత చెయ్యలేని పని ఒకటుంది. పెద్ద బండి వెనక్కి వస్తున్నప్పుడు దాని చాటున పసిపిల్ల ఉందని గీత చెప్పలేదు, ఈల వేసే మనిషి చెప్పగలడు. ఏ బండి నుంచి పెట్రోలు కారుతోందో, ఏ ముసలావిడకు లిఫ్టు ఎటో తెలియడం లేదో అతను చూసిపెడతాడు. ఆ లాట్‌లో లేనిది, మన సెల్లార్‌లో ఉన్నదీ ఈ కన్నే. ఆ కంటిని మనం ఎలా చూసుకుంటున్నామన్నదే నన్ను బాధించే ప్రశ్న. షాపింగ్‌కు వెళ్లిన మనం ఆ పొగలో ఐదు నిమిషాలుంటే, అతను షిఫ్టంతా ఉంటాడు. ఎగ్జాస్ట్ ఫ్యాన్లు కట్టేసి కరెంటు బిల్లు తగ్గించుకునే యజమాని ఆ బిల్లును అతని ఊపిరితిత్తులతో కట్టిస్తున్నాడు.

బాధ్యత ఎవరిదన్న దగ్గర లాట్, సెల్లార్ దాయాదులే. రెండు దేశాల న్యాయమూ ఇంగ్లండ్ కామన్ లా నుంచి వచ్చినదే. తాళం ఇంకొకరి చేతికిచ్చామంటే బండిని జాగ్రత్తగా చూసే బాధ్యత వారిదన్న సూత్రం అక్కడా ఉంది, 1872 నాటి మన కాంట్రాక్టు చట్టంలోనూ ఉంది. 1998లో ఢిల్లీలోని ఒక హోటల్లో వ్యాలెట్‌కు అప్పగించిన మారుతి జెన్ చోరీకి గురైన కేసులో 2019లో సుప్రీంకోర్టు దీన్నే గట్టిగా చెప్పింది. బండి యజమానిదే బాధ్యత అని టోకెన్ మీద అచ్చేసినంత మాత్రాన హోటల్ తన నిర్లక్ష్యం నుంచి తప్పించుకోలేదంది. తేడా ఆచరణలో ఉంది. అక్కడ మంచు మీద ఒకరు జారిపడితే దావా పడుతుందన్న భయం యజమాని చేత ఉప్పు చల్లిస్తుంది, చల్లినట్టు రాయిస్తుంది. మన దగ్గర పెద్ద ప్రమాదం జరిగాకే తనిఖీలు మొదలవుతాయి.

2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో జరిగినది అలాంటిదే. భవనం కింద, సెల్లార్ భాగంలో ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్‌లో మంటలు లేచి, పొగ పైనున్న లాడ్జి గదులకు ఎక్కి 8 మంది చనిపోయారు. సెల్లార్‌లో పదో వంతు మాత్రమే జనరేటర్ గది వంటి అవసరాలకు, మిగతాదంతా పార్కింగ్‌కే వాడాలన్న నియమం అప్పటికే ఉంది. అలాగే న్యూయార్క్‌లో 2023 ఏప్రిల్ 18న మన్‌హటన్‌లోని పాత బహుళ అంతస్తుల పార్కింగ్ కూలి ఒకరు మరణించారు. అలాంటి కట్టడాలను ఆరేళ్లకోసారి తనిఖీ చేయించాలన్న చట్టం అక్కడ 2021లోనే వచ్చింది. రెండు నగరాల్లోనూ నియమం ఉంది, అది నేల మీదికి సమయానికి దిగలేదు.

దీనికి మూలం కూడా ఉమ్మడిదే. అమెరికాలో పార్కింగ్ చాలాచోట్ల ఉచితం. ఆ ఉచితం ఖర్చు చివరికి అందరి నెత్తినా పడుతుందని నగర ప్రణాళిక ఆచార్యుడు డొనాల్డ్ షూప్ 2005లో ఒక పెద్ద పుస్తకమే రాశారు. తెలంగాణ ప్రభుత్వం 2018లో మాల్స్‌లో మొదటి 30 నిమిషాలు రుసుము వద్దంది, ఆపైన గంట వరకు బిల్లు చూపితే వద్దంది. కొనుగోలుదారుకు ఇది న్యాయమే. కానీ రెండు చోట్లా యజమాని లెక్కల్లో పార్కింగ్ ఆదాయం లేని భారంగా మారింది, కోత పడ్డప్పుడు మొదట కోసేది దాన్నే. లోపల నేల అద్దంలా మెరుస్తుంటే కింద సగం లైట్లు వెలగకపోవడానికి ఇదే కారణం.

కాబట్టి ఒకదాన్ని చూసి మరొకటి సిగ్గుపడనక్కర్లేదు. మన సెల్లార్ అమెరికా లాట్ నుంచి రాత నేర్చుకోవాలి. పంపులు, ఫ్యాన్లు, స్ప్రింక్లర్లు ఏ తేదీన పరీక్షించారో, శ్లాబును ఏ ఇంజనీరు చూశారో ర్యాంప్ ముందే బోర్డు మీద కనిపించాలి. అమెరికా లాట్ మన సెల్లార్ నుంచి కాపలా కన్ను నేర్చుకోవాలి. కనీసం రద్దీ వేళల్లోనైనా పిల్లల్ని, పెద్దల్ని దాటించే మనిషి అక్కడ నిలబడాలి. ఆ మనిషికి ఎక్కడైనా మంచి జీతం, మంచి గాలి, మంటలు లేస్తే ఏం చెయ్యాలో శిక్షణ దక్కాలి. ఈ ఖర్చును అద్దెలోనూ, సరుకు ధరలోనూ మనం ఇప్పటికే కడుతున్నాం. కట్టిన దానికి లెక్క అడిగే హక్కు ఫ్రిస్కోలో కారు ఆపేవారికీ, కూకట్‌పల్లిలో బైకు దించేవారికీ సమానంగా ఉంది.